కట్టుడు పళ్లు అక్రిలిక్ బేస్‌ను వదలకుండా పట్టుకోవాలంటే

మరమ్మతుకు వచ్చే పళ్ల సెట్లలో ఎక్కువగా కనిపించేవి రెండు రకాలు: నడిమికి రెండు ముక్కలైనవి, ముందు పన్ను ఒకటో రెండో ఊడిపోయినవి. 1994లో బ్రిటన్‌లో వెలువడిన ఒక సర్వేలో, మరమ్మతుకు వచ్చిన సెట్లలో దాదాపు మూడో వంతు పన్ను ఊడినవేనని తేలింది. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాల్లోని చిన్న డెంటల్ ల్యాబుల్లో పనిచేసేవారికి ఈ సంగతి లెక్కలు చూపి చెప్పనక్కరలేదు. ఇచ్ఛాపురం నుంచో చీపురుపల్లి నుంచో బస్సెక్కి వచ్చి, చేతిరుమాల్లో మూటగట్టిన పన్నును బల్ల మీద పెట్టి "అన్నం తింటంటే ఊడొచ్చీసింది బాబూ" అనే పెద్దవాళ్లు ప్రతి క్లినిక్కుకూ ఎరుకే.

ఆ పన్నును చూడగానే దాన్ని తయారుచేసిన కంపెనీని తప్పుపట్టడం మన వృత్తిలో అలవాటైపోయింది. నిజానికి నాణ్యమైన అక్రిలిక్ పన్ను దానంతట అది, పళ్లను పట్టి ఉంచే చిగుళ్ల రంగు భాగమైన బేస్‌ను వదలడం అరుదు. పళ్లను మొదట మైనంలో అమర్చి, ఫ్లాస్కు అనే లోహపు పెట్టెలో ప్లాస్టర్ మధ్య బిగించి, మైనం తీసేసి ఆ ఖాళీలో అక్రిలిక్ ముద్ద నింపి వేడితో గట్టిపరుస్తాం; ఈ గట్టిపరచడాన్నే క్యూరింగ్ అంటాం. ఫ్లాస్కు తెరిచిన క్షణం నుంచి అక్రిలిక్ ముద్ద పెట్టే క్షణం వరకు మనం పంటి అడుగుభాగాన్ని ఎంత శుభ్రంగా, ఎంత పొడిగా, ఎంత ఓపికగా సిద్ధం చేశామన్నదే ఆ పన్ను నిలుస్తుందా ఊడుతుందా అన్నదాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ కొద్ది నిమిషాల పని గురించే.

ఊడిన పన్నును ముందుగా చదవాలి

ఊడిన పన్నును వెంటనే అతికించేయకుండా, దాని అడుగునూ, బేస్‌లో అది వదిలిన గుంతనూ మంచి వెలుతురులో, వీలైతే భూతద్దంతో చూడాలి. గుంత నున్నగా మెరుస్తూ, పంటి అడుగు ఆకారం అచ్చుగుద్దినట్టు ఉండి, పంటికి గులాబీ రంగు అక్రిలిక్ రవ్వంతైనా అంటుకోకపోతే అక్కడ అతుకు అసలు ఏర్పడనే లేదని అర్థం. అక్కడ మైనమో, అక్రిలిక్ ప్లాస్టర్‌కు అంటుకోకుండా పూసే సెపరేటరో పొరగా మిగిలిపోయి ఉంటుంది. పంటి ముక్క కొంత గుంతలోనే ఉండిపోయి మిగతాది విరిగి వస్తే అతుకు బాగానే పట్టింది, పన్నే భారానికి ఆగలేకపోయింది. అప్పుడు కారణాన్ని వెతకవలసినది బైట్‌లో, అంటే పై పళ్లూ కింది పళ్లూ కలిసే తీరులో. పంటితోపాటు అక్రిలిక్ పెళ్ల ఊడివస్తే అక్కడి బేస్ పలుచగానో, బుడగలతో గుల్లగానో ఉందన్నమాట. కృత్రిమ దంతాలకు వర్తించే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 22112లోని అతుకు పరీక్షలో కూడా విరిగిన చోట ఏ పదార్థం దేనికి అంటుకుని మిగిలిందో చూస్తారు. ఖరీదైన యంత్రం లేని ల్యాబుకు ఇంతకంటే మంచి పరీక్ష లేదు, దీనికి పైసా ఖర్చు కూడా లేదు.

అతుకు ఎలా ఏర్పడుతుంది

అక్రిలిక్ పన్నూ, అక్రిలిక్ బేసూ రెండూ పాలీమిథైల్ మెథాక్రిలేట్ అనే ఒకే పదార్థానికి చెందినవి. 1930ల చివర్లో ఈ పదార్థం దంతవైద్యంలోకి వచ్చి, అంతవరకు బేస్‌గా వాడిన వల్కనైట్ రబ్బరును క్రమంగా తప్పించింది. వల్కనైట్‌లో పింగాణీ పళ్లను నిలపడానికి పిన్నులూ, రంధ్రాలూ తప్ప మరో ఆధారం ఉండేది కాదు. అక్రిలిక్ పళ్ల విషయంలో మాత్రం రసాయనికంగానే అతుకు కుదురుతుంది. అక్రిలిక్ పొడిలో కలిపే ద్రవం, అంటే మోనోమర్, పంటి అడుగును తడిపి, కొద్దిగా ఉబ్బించి, పైపొరలోని అణువుల గొలుసుల మధ్యకు చొచ్చుకుపోతుంది. క్యూరింగ్ వేడికి అది అక్కడే కొత్త గొలుసులుగా గట్టిపడి పాత గొలుసులతో పెనవేసుకుంటుంది. కనుక మోనోమర్ పంటిని నేరుగా తాకాలి, చొచ్చుకుపోవడానికి దానికి సమయమూ వేడీ దొరకాలి, పంటి పొర కూడా దాన్ని లోపలికి రానివ్వాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి తప్పినా అతుకు బలహీనమే.

మూడవ షరతు పంటి ఎంపికకు సంబంధించినది. తొందరగా అరగకుండా ఉండటానికి నేటి పళ్లలో గొలుసులను అడ్డంగా ముడివేస్తారు. దీన్నే క్రాస్ లింకింగ్ అంటాం. ముడులు ఎక్కువైన కొద్దీ మోనోమర్ చొరబడటం కష్టమవుతుంది కాబట్టి, తయారీదారులు పంటి మెడ, అడుగు భాగాల్లో ముడులు తక్కువగా ఉంచుతారు. పై దవడకూ కింది దవడకూ మధ్య చోటు చాలక మనం అడుగును లోతుగా అరగదీసినప్పుడు అతుకుకు అనువైన ఆ పొరే పోయి, గట్టి పొర బయటపడుతుంది. చోటు తక్కువగా ఉన్న కేసుల్లో పొట్టి అచ్చు పళ్లను ఎంచుకోవడం, పొడవు పన్నును సగానికి అరగదీయడం కంటే ఎప్పుడూ మేలు. తప్పనిసరిగా అరగదీయవలసి వస్తే, ఆ పంటికి కింద చెప్పబోయే గాడీ రంధ్రమూ తప్పక పెట్టాలి.

మైనం వదిలించడం

పన్ను ఊడటానికి కారణాలన్నింటిలో పెద్దది మైనమే. ఫ్లాస్కును మరిగే నీటిలో సుమారు ఐదు నిమిషాలు ఉంచితే మైనం మెత్తబడుతుంది, పూర్తిగా కరిగిపోదు. ఆ స్థితిలోనే ఫ్లాస్కు తెరిచి, మెత్తటి మైనాన్ని దాని అడుగున ఉన్న తాత్కాలిక బేస్ ప్లేటుతో సహా ఒకే ముద్దగా ఎత్తి తీసేయాలి. ఫోను మాట్లాడుతూనో, మరో కేసు చూస్తూనో పావుగంట మరగనిస్తే, మైనం నూనెలా కరిగి ప్లాస్టర్‌లోకి ఇంకిపోతుంది, పంటి మెడ చుట్టూ ఉన్న సన్నని సందుల్లోకి దిగుతుంది. తర్వాత ఎన్ని చెంబుల వేడినీళ్లు పోసినా అది సులువుగా బయటికి రాదు.

ముద్ద తీశాక ధారగా మరిగే నీళ్లు పోసి కడగాలి. ఆ తర్వాత వేడినీటిలో కొద్దిగా లిక్విడ్ డిటర్జెంట్ కలిపి, మెత్తటి బ్రష్‌తో ప్రతి పంటి అడుగునూ, మెడ చుట్టూ ఉన్న అంచునూ రుద్దాలి. చివరగా డిటర్జెంట్ జాడ లేకుండా కొత్త మరిగే నీటితో రెండుసార్లు కడగాలి. కొత్త నీళ్లు అన్న మాటను ప్రత్యేకంగా గమనించండి. పొద్దుటి నుంచి నాలుగు ఫ్లాస్కుల మైనం కరిగిన గిన్నెలోంచే చెంబుతో ముంచి ఆఖరి కడుగు కూడా కానిచ్చేయడం చాలా ల్యాబుల్లో చూస్తాం. ఆ నీటిపై తేలే మైనం కంటికి కనిపించనంత పలుచని పొరగా ప్రతి పంటి మీదా పరుచుకుంటుంది. అంతసేపు కడిగినదంతా వృథా. ఫ్లాస్కు ఉడికించడానికి ఒక గిన్నె, కడగడానికి మరో గిన్నె ఉండి తీరాలి. ఇంకో చిన్న సంగతి: బోరునీరు గట్టిగా ఉన్న ఊళ్లలో సబ్బు వాడితే తెల్లటి తెట్టు కట్టి పళ్ల మీద మిగులుతుంది, కనుక సబ్బుకు బదులు డిటర్జెంటే మంచిది. స్టీమ్ క్లీనర్ ఉన్నవారు దాన్ని మెడ అంచుల మీద వాడితే ఈ పని ఇంకా నమ్మకంగా పూర్తవుతుంది.

కడిగాక ఫ్లాస్కు భాగాలను ఏటవాలుగా నిలబెట్టి నీరు కారనివ్వాలి. వేడి తగ్గక ముందే వెలుతురుకు ఎదురుగా వంచి చూస్తే మైనం ఉన్న చోట జిడ్డు మెరుపు కనిపిస్తుంది. అక్కడ నీరు పరుచుకోకుండా బొట్లుబొట్లుగా నిలుస్తుంది. ప్రోబ్ మొనతో మెడ అంచును గీరితే గులాబీ రంగు పొట్టు వస్తోందంటే మళ్లీ మొదటి నుంచి కడగవలసిందే. కడగడంలో ఏదైనా పన్ను అచ్చు నుంచి ఊడి వస్తే అది అదృష్టమనుకోవాలి, ఎందుకంటే దాన్ని చేతిలోకి తీసుకుని అన్ని వైపులా శుభ్రం చేసే వీలు దొరుకుతుంది. తిరిగి పెట్టేటప్పుడు కదలకుండా జిగురు వాడవలసి వస్తే, పెదవి వైపు అతి చిన్న చుక్క చాలు; అడుగుభాగానికి మాత్రం జిగురు తగలకూడదు.

అరగదీయడం, గాడి పెట్టడం

పంటి అడుగుకు అచ్చులోంచి వచ్చిన నున్నటి మెరుపు పొర ఉంటుంది. దాన్ని చిన్న కార్బైడ్ బర్‌తో, అంటే తిరిగే కోత మొనతో, తేలికగా తీసి, ముఖాన్ని గరుకు చేయాలి. ఈ పనిని పళ్లు అమర్చేటప్పుడే చేయాలా, మైనం తీశాక చేయాలా అన్నదానిపై రెండు పద్ధతులున్నాయి. నా అభిప్రాయంలో మైనం తీశాక చేయడమే మేలు: ముందే గరుకు చేసిన ముఖంలోని గీతల్లో మైనం ఇరుక్కుంటుంది, తర్వాత చేస్తే మిగిలిన మైనం కూడా బర్‌తోపాటే పోతుంది. అయితే పన్ను ప్లాస్టర్‌లో కదలకుండా చెయ్యి తేలికగా ఆడాలి. పని అయ్యాక పొడి ఊది, మరోసారి మరిగే నీటితో కడిగి ఆరనివ్వాలి. గరుకు ముఖం మీద వేలు పెడితే చేతి జిడ్డు అంటుతుంది కాబట్టి ఆపైన దాన్ని ముట్టుకోకూడదు.

గాడులు, రంధ్రాలు పెట్టడం వల్ల అతుకు ఎంత పెరుగుతుందన్నదానిపై పరిశోధనలన్నీ ఒకే మాట చెప్పలేదు. అయినా గట్టి క్రాస్ లింక్డ్ పళ్లకూ, లోతుగా అరగదీసిన పళ్లకూ ఇవి అవసరమనే నేను అంటాను. దవడ పళ్లకు అడుగు మధ్యలో రౌండ్ బర్‌తో ఒకటి రెండు మిల్లీమీటర్ల లోతున రంధ్రం, ముందు పళ్లకు నాలుక వైపు లోతు లేని అడ్డగాడి సరిపోతాయి. ముందు పంటికి లోతైన రంధ్రం పెడితే గులాబీ రంగు బేస్ పంటి గుండా తొంగిచూసి, పన్ను నల్లబడినట్టు కనిపిస్తుంది.

సెపరేటర్, ఆ తర్వాత మోనోమర్

ప్లాస్టర్ గోరువెచ్చగా ఉన్నప్పుడు కోల్డ్ మౌల్డ్ సీల్ అనే సెపరేటర్‌ను పలుచగా పూయాలి. ఇది ఆల్జినేట్ ద్రావణం. ప్లాస్టర్ మీద పొర కట్టినట్టే పంటి మీద కూడా పొర కట్టి మోనోమర్‌ను అడ్డుకుంటుంది. బ్రష్‌ను సీసాలో ముంచి కారుతుండగానే పూయడం వల్ల ఆ ద్రవం పళ్ల సందుల్లో మడుగు కడుతుంది. సన్న బ్రష్ వాడి, పళ్ల అంచు దాకా మాత్రమే వెళ్లి ఆగాలి. పంటి మీద పడినదాన్ని ఆరకముందే తడి దూదితో తుడిచేయాలి, ఆరిపోయి ఉంటే బర్‌తో మళ్లీ గీరాలి.

సెపరేటర్ పూర్తిగా ఆరాక, ముద్ద పెట్టడానికి కొద్దిగా ముందు, పంటి అడుగులను మోనోమర్‌తో తడపాలి. ఒకసారి బ్రష్ తిప్పి వదిలేస్తే మోనోమర్ ఆవిరైపోతుంది. సుమారు మూడు నిమిషాల పాటు, ఆరుతున్నప్పుడల్లా మళ్లీ తడుపుతూ, మెరుపు మాసి ముఖం కొద్దిగా మెత్తబడే వరకు ఉంచి, తడి ఆరకముందే ముద్ద పెట్టాలి. కొందరు ఇందుకు డైక్లోరోమీథేన్ వంటి ద్రావకాలు వాడతారు. అతుకు విషయంలో వాటికి పేరున్నా, వాటి ఆవిరి ఆరోగ్యానికి హానికరం. కిటికీ ఒక్కటే ఉన్న మన ల్యాబు గదుల్లో వాటిని వాడకపోవడమే మంచిది. మోనోమర్ కూడా సాధువేమీ కాదు. అది సులువుగా అంటుకునే ద్రవం, దాని ఆవిరి తలనొప్పి తెస్తుంది, చర్మానికి పదేపదే తగిలితే దురద, పగుళ్లు వస్తాయి, పలుచని రబ్బరు గ్లవ్స్‌ను దాటి లోపలికి వస్తుంది. మైనం కరిగించే గ్యాస్ పొయ్యి వెలుగుతుండగా అదే బల్ల మీద మోనోమర్ సీసా మూత తీయడం ఎక్కడ కనిపించినా వెంటనే ఆపించాలి.

ముద్ద, క్యూరింగ్

పొడి మూడు పాళ్లు, ద్రవం ఒక పాలు కొలిచి కలిపి, మూతపెట్టిన గాజు లేదా పింగాణీ జాడీలో ఉంచాలి. తీగలు సాగే దశ దాటి, జాడీ గోడను వదిలి ముద్దగా వచ్చే దశలోనే ప్యాక్ చేయాలి. ఆ దశ దాటి రబ్బరులా వెనక్కి లాగే స్థితికి వస్తే పంటిని తడపడానికి స్వేచ్ఛగా ఉండే మోనోమర్ తక్కువవుతుంది, ముద్ద కూడా గాడుల్లోకి ప్రవహించదు. ఏప్రిల్, మే నెలల్లో ఈ ప్రాంతపు ఎండకు ముద్ద చలికాలం కంటే చాలా తొందరగా తయారవుతుంది, కనుక అలవాటైన గడియారాన్ని నమ్మకుండా జాడీ మూత తీసి చూస్తూ ఉండాలి. సముద్రతీరపు ఉక్కకు చేతులు చెమర్చడం మామూలే. చెమట తడి ముద్దలో చేరితే అతుకుకూ బేస్‌కూ నష్టం, కాబట్టి ముద్దను పాలిథిన్ కాగితంతోనే పట్టుకోవాలి. ఎండ తగిలే కిటికీ పక్కన ఉంచడం వల్ల చిక్కబడిన మోనోమర్‌ను పారేయడమే తప్ప వాడకూడదు.

క్యూరింగ్ విషయంలో తొందర పనికిరాదు. 74 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎనిమిది గంటలు ఉంచడం ఒక పద్ధతి. 74 డిగ్రీల దగ్గర రెండు గంటలు, ఆపై 100 డిగ్రీల దగ్గర ఒక గంట ఉంచడం మరో పద్ధతి. రెండూ సరైనవే. వేడి నెమ్మదిగా పెరిగే కొద్దీ గట్టిపడే లోపు మోనోమర్‌కు పంటిలోకి ఇంకే వ్యవధి దొరుకుతుంది. వేడి లేకుండానే గట్టిపడే సెల్ఫ్ క్యూర్ కంటే వేడితో గట్టిపరిచే హీట్ క్యూర్ అతుకు బలంగా ఉండటానికి ప్రధాన కారణం ఇదే. ఫ్లాస్కును నేరుగా మరిగే నీటిలో వేస్తే, 100.8 డిగ్రీలకే మరిగే మోనోమర్ మందమైన చోట్ల ఆవిరై బుడగలు కడుతుంది. కరెంటు పోయి క్యూరింగ్ మధ్యలో ఆగిపోయిన ఫ్లాస్కును అలాగే తెరిచేయకుండా, కరెంటు వచ్చాక పూర్తి వ్యవధిని మళ్లీ మొదటి నుంచి ఇవ్వడం క్షేమం. క్యూరింగ్ తర్వాత ఫ్లాస్కును బల్ల మీద అరగంట చల్లారనిచ్చి, ఆపై చల్లనీటిలో ఉంచి తెరవాలి. వేడి ఫ్లాస్కు మీద కొళాయి తిప్పేస్తే పంటికీ బేస్‌కూ మధ్య ఒత్తిడి మిగిలిపోయి, మెడల చుట్టూ సన్నని చిట్లు కనిపిస్తాయి.

రసాయనిక అతుకు ఆశించకూడని చోట్లు

పింగాణీ పళ్లు అక్రిలిక్‌తో రసాయనికంగా కలవవు. పిన్నులూ రంధ్రాలే వాటికి ఆధారం. ఈమధ్య చాలామంది అడుగుతున్న ఫ్లెక్సిబుల్ నైలాన్ సెట్లలో కూడా అంతే. వాటిలో ప్రతి పంటికీ అడుగు నుంచి, పక్క నుంచి కలిసే రంధ్రాలు చేయవలసిందే. కాంపోజిట్ పళ్లకు తయారీదారు చెప్పిన బాండింగ్ ద్రవాన్ని వాడాలి. మిల్లింగ్ చేసిన (యంత్రంతో చెక్కిన), ప్రింట్ చేసిన బేస్‌లు ముందే గట్టిపడి ఉంటాయి కాబట్టి పళ్లను గుంతల్లో అతికించవలసి వస్తుంది. అక్కడ కంపెనీ సూచించిన రెజిన్‌కు బదులు చేతికందిన సెల్ఫ్ క్యూర్ వాడి సరిపెట్టకూడదు.

బైట్, తిండి

అతుకు ఎంత బాగున్నా ముందు పంటిని రోజూ బయటికి తోసే బలం ఉంటే అది నిలవదు. ముందు పళ్ల అడుగు వైశాల్యం తక్కువ, పైగా వాటి మీద పడే బలం నొక్కేది కాదు, ఒలిచేది. పైన పూర్తి సెట్టు ఉండి కింద సొంత ముందు పళ్లు మిగిలిన రోగుల్లో ఇది తీవ్రంగా ఉంటుంది. దవడ పళ్లు కలిసినప్పుడు ముందు పళ్లు ఒకదానికొకటి గట్టిగా తగలకుండా చూడమని డాక్టరును అడగడానికి ల్యాబువారు మొహమాటపడకూడదు.

రోగికి చెప్పవలసినది కూడా ఉంది. భీమాళి మామిడి తాండ్రను ముందు పళ్లతో కొరికి లాగడం, ఉడికించిన తేగను పళ్లతో పట్టి పీచు ఒలవడం సరిగ్గా ఆ ఒలిచే బలాన్నే పుట్టిస్తాయి. తినవద్దని చెబితే ఎవరూ వినరు. తాండ్రను చిన్న ముక్కలుగా కోసి, తేగను చేత్తో ఒలిచి దవడ పళ్ల కింద పెట్టుకోమంటే వింటారు.

ఊడిన పన్నును తిరిగి అతికించడం

మొదట గుంతలోని నున్నటి పొరను పూర్తిగా తీయాలి. పెదవి వైపు అంచును వీలైనంత ముట్టుకోకుండా, నాలుక వైపు బేస్‌ను బర్‌తో తెరిచి, అంచులను ఏటవాలుగా మలచాలి. పంటి అడుగును గరుకు చేసి గాడి పెట్టాలి. ఊడిన పన్నును ఇంట్లోనే కొట్టు జిగురుతో అతికించుకుని వచ్చినవారి విషయంలో, ఆ జిగురు రెండు వైపులా ఒక్క పొర కూడా మిగలకుండా అరగదీస్తే తప్ప ముందుకు వెళ్లకూడదు. పన్నును స్థానంలో నిలిపి, మైనంతో తాత్కాలికంగా పట్టించి, పెదవి వైపు ప్లాస్టర్‌తో ఇండెక్స్, అంటే పంటి స్థానాన్ని చూపే అచ్చు, పోసుకోవాలి. అది గట్టిపడ్డాక పన్నును తీసి, మైనాన్ని ముందు చెప్పినంత శ్రద్ధగానూ వదిలించాలి. మరమ్మతుల్లో అందరూ తొందరపడేది ఇక్కడే.

తర్వాత పంటినీ బేస్‌నూ మూడు నిమిషాలు మోనోమర్‌తో తడిపి, సెల్ఫ్ క్యూర్ అక్రిలిక్‌ను బుడగలు లేకుండా నింపాలి. ఒత్తిడి కింద గట్టిపరిచే ప్రెషర్ పాట్ ఉంటే 40 నుంచి 45 డిగ్రీల గోరువెచ్చని నీటిలో గట్టిపడనివ్వాలి. గాలిలో వదిలేసిన అతుకు కంటే ఇది దట్టంగా వస్తుంది. సెట్టుతోపాటు పంపే చీటీలో, గుంత నున్నగా ఉందా, పంటి ముక్క మిగిలిందా, అక్రిలిక్ పెళ్ల ఊడిందా అన్నది డాక్టరుకు ఒక వాక్యంలో రాయండి. ముక్క మిగిలి ఉంటే, సెట్టును రోగి నోట్లో పెట్టాక పళ్లు తగిలే చోట రంగు గుర్తు వేసే ఆర్టిక్యులేటింగ్ పేపర్‌తో ఆ పంటి మీద గుర్తు ఎంత గాఢంగా పడుతోందో చూసి సరిచేయవలసింది ఆయనే.